బస్తర్ అడవే ప్రయోగశాల: ఆవాసాలు, అనుకూలనాలను ఆరుబయట నేర్పే మార్గాలు

జగదల్‌పుర్: ధ్రువపు ఎలుగుబంటికి తెల్లని దట్టమైన బొచ్చు ఎందుకు ఉంటుందో, ఒంటె ఎడారిలో రోజుల తరబడి ఎలా నిలదొక్కుకుంటుందో దేశంలోని విద్యార్థులందరూ సామాన్యశాస్త్రంలో చదువుకుంటారు. ఆ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ బస్తర్ విద్యార్థి తన ఊరి పరిసరాల్లో చూడలేడు. చీకటి గుహలో చూపును దాదాపు కోల్పోయిన చేప, వాన రాకతో పాటే రెక్కలు తొడుక్కుని నేలకు దిగే సాల్ గింజ, ఆకులను పట్టుదారంతో కుట్టుకునే ఎర్రచీమ మాత్రం అతని ఊరికి చేరువలోనే ఉన్నాయి. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు బోధించే ‘ఆవాసాలు - అనుకూలనాలు’ పాఠానికి ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని ఈ అటవీ ప్రాంతం దేశంలోని ఉత్తమ క్షేత్రాల్లో ఒకటి.

బస్తర్ ప్రకృతిని ఆధారం చేసుకుని విద్యార్థులతో చేయించదగిన ఆరుబయటి కార్యక్రమాలు, వాటి వెనుక ఉన్న శాస్త్రం, పాటించవలసిన నియమాలు, ఎదురయ్యే ఇబ్బందుల వివరాలు ఇవి.

బస్తర్ ప్రత్యేకత ఏమిటి?

జగదల్‌పుర్ కేంద్రంగా ఉన్న బస్తర్ ఒక పీఠభూమి. ఒడిశాలోని కలహండి ప్రాంతంలో పుట్టిన ఇంద్రావతి ఈ పీఠభూమిని చీల్చుకుంటూ పడమరకు సాగి, తెలంగాణ సరిహద్దులో గోదావరిలో కలుస్తుంది. తూర్పున ప్రవహించే కొలాబ్ నది దిగువన శబరిగా పేరు మార్చుకుని, ఆంధ్రప్రదేశ్‌లోని కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. బస్తర్ అడవిలో కురిసిన వాన చివరకు తెలుగు నేల మీదుగా సముద్రాన్ని చేరుతుందన్న మాట.

జగదల్‌పుర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం ఉంది. 1982లో ఏర్పాటైన ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. ఉత్తర, మధ్య భారతాల్లో విస్తరించిన సాల్ అడవుల దక్షిణపు అంచు, దక్కను వైపు నుంచి వచ్చే టేకు అడవులు ఇక్కడ కలుసుకుంటాయి. తేమ కోరే చెట్లు, ఎండను తట్టుకునే చెట్లు ఒకే లోయలో పక్కపక్కన పెరగడంతో రెండింటి జీవన విధానాలను పోల్చి చూసేందుకు వీలు కలుగుతోంది. సుమారు 90 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకే తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్, కైలాస్, దండక్ సున్నపురాతి గుహలు, మొసళ్లు నివసించే భైంసాదర్హా మడుగు ఈ ఉద్యానంలో భాగమే. జలపాతపు తుంపర, గుహలోని చీకటి, నదీగర్భం, రాతినేల, దట్టమైన అడవి వంటి భిన్న ఆవాసాలను ఒకే పగటిలో చూడగలిగే చోట్లు దేశంలో ఎక్కువగా లేవు.

ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన భారతీయ స్థలాల్లో కాంగేర్ లోయ ఒకటి. తెలంగాణలోని ముడుమాల నిలువురాళ్లకు కూడా అదే సమయంలో ఆ జాబితాలో చోటు దక్కింది.

ముందుగా తొలగించవలసిన రెండు అపోహలు

ఒక జీవి తన పరిసరాల్లో బతికి, సంతానాన్ని నిలుపుకునేందుకు తోడ్పడే శరీర నిర్మాణం, ప్రవర్తన లేదా దేహక్రియ అనుకూలనం. సాల్ గింజకు ఉన్న రెక్క నిర్మాణపరమైనది. వేసవి పగటిపూట ఎలుగుబంటి నీడకు చేరి రాత్రి ఆహారానికి బయలుదేరడం ప్రవర్తనాపరమైనది. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చి నీటి నష్టాన్ని తగ్గించుకోవడం దేహక్రియాపరమైనది. ఈ మూడు రకాలనూ విద్యార్థి వేరుచేసి చూపగలిగితే పాఠంలో సగం పూర్తయినట్లే.

పాఠంలో రెండు అపోహలు తరచుగా దొర్లుతుంటాయి. జీవి తన అవసరాన్ని గుర్తించి తనను తాను మార్చుకుంటుందన్నది మొదటిది. అనుకూలనం ఏ ఒక్క జీవి ప్రయత్నంతోనూ కలిగేది కాదు. ఒక జాతిలో సహజంగా ఉండే తేడాల్లో పరిసరాలకు సరిపోయినవి తరతరాలుగా నిలిచి, సరిపోనివి తగ్గిపోవడం వల్ల ఏర్పడేది. ఎత్తైన కొండ ప్రాంతానికి వెళ్లిన వ్యక్తి కొద్ది రోజుల్లో అక్కడి పలుచని గాలికి అలవాటు పడటం కూడా అనుకూలనమేనన్నది రెండోది. అది ఒక్క వ్యక్తి దేహం తాత్కాలికంగా సర్దుబాటు కావడం మాత్రమే, సంతానానికి సంక్రమించదు. ఈ రెండు తేడాలూ స్పష్టమైన తర్వాతే విద్యార్థులను బయటకు తీసుకువెళ్లడం ప్రయోజనకరం.

1. సాల్ గింజ: ఎగిరే పరీక్ష, మొలిచే పరీక్ష

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం సాల్. తెలుగువారు దీన్ని గుగ్గిలం చెట్టుగా ఎరుగుదురు. పూవు వాడిన తర్వాత దాని ఐదు రక్షకపత్రాలు పెరిగి రెక్కలుగా మారతాయి. వాటిలో మూడు పొడవైనవి, రెండు పొట్టివి. నైరుతి రుతుపవనాలు వచ్చే వేళకు గింజ పక్వమై గాలిలో గిరగిర తిరుగుతూ తల్లిచెట్టుకు కొంత దూరంగా పడుతుంది.

బడి ఆవరణలోనో, ఊరి దారి పక్కనో రాలిన గింజలను 30 వరకు ఏరి మూడు కుప్పలు చేయాలి. మొదటి కుప్పను అలాగే ఉంచి, రెండో కుప్పలోని గింజలకు ఒక పొడవైన రెక్కను, మూడో కుప్పలోని గింజలకు రెక్కలన్నింటినీ తీసివేయాలి. ఒకే ఎత్తు నుంచి, గాలి నెమ్మదిగా ఉన్న వేళ, ఒక్కొక్క గింజనే వదిలి నేలను చేరడానికి పట్టిన సమయాన్ని, పడిన దూరాన్ని నమోదు చేయాలి. రెక్క ఉపయోగం ఏమిటన్న ప్రశ్నకు జవాబు విద్యార్థుల పట్టికలోనే కనిపిస్తుంది. బూరుగు దూది, వేగిస బిళ్ల, నల్లమద్ది రెక్కకాయలను కూడా ఇదే పద్ధతిలో పోల్చవచ్చు.

ఆ తర్వాత చేయవలసింది మొలక పరీక్ష. సాల్ గింజ నిల్వకు ఆగదు. రాలిన సుమారు వారం రోజుల్లో మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. పది గింజలను ఏరిన రోజునే, మరో పదింటిని ఐదు రోజులకు, మిగిలిన పదింటిని పది రోజులకు తడిమట్టిలో నాటితే తేడా తెలుస్తుంది. గింజ రాలే కాలం, వాన మొదలయ్యే కాలం ఒకటి కావడంలోని ఆంతర్యం ఇదే. వాన ఆలస్యమైన ఏడాది ఆ గింజల గతి ఏమవుతుందన్న ప్రశ్న సహజంగానే ముందుకు వస్తుంది. వాతావరణ మార్పు పాఠానికి ఇంతకంటే సరళమైన ప్రవేశం ఉండదు. బడులు తెరిచే కాలం, గింజ రాలే కాలం జూన్ నెలలోనే కలవడం ఉపాధ్యాయులకు మరో సౌలభ్యం.

తొలి వానలకు సాల్ చెట్ల కింద నేలలో పుట్టే ‘బోడా’ పుట్టగొడుగు బస్తర్ సంతల్లో మంచి ధర పలుకుతుంది. దాని తంతువులు సాల్ వేళ్లతో పెనవేసుకుని బతుకుతాయి. వేరు నుంచి శిలీంధ్రానికి చక్కెర, శిలీంధ్రం నుంచి వేరుకు నీరు, ఖనిజలవణాలు అందుతాయి. సాల్ లేని చోట బోడా ఎందుకు దొరకదో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకు రమ్మంటే సహజీవనం అన్న భావన వారి మాటల్లోనే తరగతికి చేరుతుంది.

2. ఇప్ప చెట్టు: తెల్లవారుజామున రాలే పూలు

ఇక్కడ మహువాగా పిలిచే ఇప్ప చెట్టు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాల్చి పూస్తుంది. కండగల, తియ్యని, లేతపసుపు పూలు రాత్రివేళ ఘాటైన వాసన వెదజల్లి తెల్లవారేలోగా రాలిపోతాయి. ప్రకాశవంతమైన రంగు లేకపోవడం, రాత్రి విచ్చుకోవడం, ఘాటైన వాసన, చక్కెర నిండిన రేకులు అనే నాలుగు లక్షణాలూ కలిపి చూస్తే ఈ పూలకు ప్రధాన అతిథి సీతాకోకచిలుక కాదని, గబ్బిలమని అర్థమవుతుంది.

పూలు ఏరే కుటుంబాల పిల్లలు ఈ సమయాలను గడియారం చూడకుండానే చెప్పగలరు. ఒక చెట్టు కింద గుడ్డ పరచి, సాయంత్రం, తెల్లవారుజాము, ఉదయం ఎన్నెన్ని పూలు రాలాయో వారం పాటు లెక్కించడం ఇందులోని కార్యక్రమం. ఇంటివద్దే, పెద్దల సమక్షంలోనే చేయవలసిన పని ఇది. ఇప్ప పూల కాలంలో ఎలుగుబంట్లు కూడా అదే చెట్టు కిందకు వస్తాయి గనుక ఒంటరిగా పంపరాదు.

పూలు సులువుగా ఏరుకునేందుకు చెట్టు కింది ఎండుటాకులను తగులబెట్టే అలవాటు పలుచోట్ల ఉంది. దానివల్ల ఇప్ప మొలకలు కూడా మాడిపోతాయి. కాల్చిన చోట, కాల్చని చోట ఒక్కొక్క మీటరు చదరంలో మొలకలను లెక్కించి పోల్చితే పాఠం ఊరి జీవనోపాధికి చేరువవుతుంది. నిప్పుకు బదులు వల పరచడం ఎలా ఉంటుందన్న చర్చ అక్కడి నుంచే మొదలుకావచ్చు.

3. నల్లమద్ది: మొసలి చర్మం వంటి బెరడు

హిందీలో సాజా అని, తెలుగులో నల్లమద్ది అని పిలిచే ఈ చెట్టు గోండులకు పవిత్రమైనది. లోతైన పగుళ్లతో చదరాలుగా విడిపోయిన మందపాటి బెరడు మొసలి వీపును తలపిస్తుంది. అడవి నేలను తాకుతూ పోయే మంట నుంచి లోపలి జీవకణజాలాన్ని ఆ మందమే కాపాడుతుంది.

ఈ జాతి చెట్లు కొన్ని కాండంలో నీటిని నిల్వ చేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోని పాపికొండల జాతీయ ఉద్యానంలో 2024 మార్చిలో అటవీ అధికారులు ఒక నల్లమద్ది చెట్టు బుడిపెను కోసినప్పుడు నీరు ధారగా వెలువడిన దృశ్యాలు దేశవ్యాప్తంగా ప్రచారమయ్యాయి. ఆ సంగతిని అధికారులకు తెలిపినవారు అక్కడి కొండరెడ్లు. పుస్తకంలో లేని ఒక అనుకూలనం వారికి తరతరాలుగా తెలుసు.

విద్యార్థులు చెట్టును కోయవలసిన పని లేదు. బెరడుపై తెల్లకాగితం పరచి మైనపు రంగుకడ్డీతో రుద్దితే దాని అచ్చు దిగుతుంది. సాల్, టేకు, నల్లమద్ది, జామ అచ్చులను వరుసగా పెట్టి, నిప్పు వచ్చే నేలలో ఏ బెరడు మేలో ఊహించి, కారణం రాయించాలి.

4. ఎర్రచీమల గూడు

మామిడి, సాల్ చెట్ల కొమ్మలపై ఆకులు కలిపి కుట్టినట్లు కనిపించే గుండ్రని గూళ్లు ఎర్రచీమలవి. కూలిచీమలు వరుసగా ఒకదాని నడుమును మరొకటి పట్టుకుని గొలుసుగా ఏర్పడి రెండు ఆకుల అంచులను దగ్గరకు లాగుతాయి. మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరచుకుని అంచుల వెంట అటూ ఇటూ కదుపుతాయి. పిల్లపురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారం ఆకులను అతికిస్తుంది. పెద్దచీమకు లేని దారాన్ని పిల్లపురుగు సమకూర్చడం ప్రవర్తనాపరమైన అనుకూలనానికి అరుదైన ఉదాహరణ.

బస్తర్‌లో ఈ చీమలతో, వాటి గుడ్లతో చేసే చట్నీని ‘చాప్‌డా’ అంటారు. అందువల్ల గూడు ఎప్పుడు బరువుగా ఉంటుందో, ఏ చెట్టుపై ఎక్కువగా కడతాయో పిల్లలకు ముందే తెలుసు. మూడు మీటర్ల దూరం నుంచి 15 నిమిషాలు గూడును గమనించి, చీమల రాకపోకలు, అవి మోసుకువస్తున్న వస్తువులు, ఒక ఆకును మెల్లగా కదిపినప్పుడు వాటి స్పందన నమోదు చేయడం సరిపోతుంది. గూడు ఉన్న చెట్టు ఆకులను, గూడు లేని చెట్టు ఆకులను తీసుకుని పురుగులు తిన్న రంధ్రాలను పోల్చడం పై తరగతులకు తగిన పని.

5. రెండు గోరింకలు

బడి వాకిట్లో కనిపించే మామూలు గోరింక నేలపై ఒక్కొక్క అడుగు వేస్తూ నడుస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ గోరింక దాదాపు జీవితమంతా చెట్ల పైభాగంలోనే గడుపుతుంది. అది కొమ్మలపై గెంతుతుంది. పండ్లు తిని గింజలను దూరంగా వదులుతుంది. ఎత్తైన ఎండుచెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది. దగ్గరి బంధువులైన రెండు పక్షుల కదలిక, తిండి, గూడు వేర్వేరుగా ఉండటానికి కారణం అవి నివసించే చోటే.

మామూలు గోరింకను పది నిమిషాలు గమనించి ఎన్ని అడుగులు నడిచింది, ఎన్నిసార్లు గెంతింది, ఏమి తిన్నది అనే మూడు గడుల్లో నమోదు చేయాలి. కాంగేర్ లోయ అంచు గ్రామాల్లో కొండ గోరింక కనిపిస్తే అదే పట్టికను మళ్లీ నింపాలి.

ఎండిపోయిన చెట్టు పనికిరానిదన్న అభిప్రాయాన్ని ఈ పక్షి తప్పని నిరూపిస్తుంది. మాటలను అనుకరించే నేర్పు కారణంగా దీన్ని పట్టి అమ్మడం, తొర్రలున్న చెట్లను నరకడం దీని సంఖ్యకు ముప్పు తెచ్చాయి. జగదల్‌పుర్‌లో పంజరంలో ఉంచి సంతానం పొందాలన్న ప్రయత్నం దీర్ఘకాలం ఫలించలేదు. ఆడ, మగ తేడా పైకి కనిపించకపోవడం అందుకు ఒక చిక్కుగా నిలిచింది. ఆ తర్వాత అడవిలోనే గూళ్లను కాపాడే బాధ్యతను ‘మైనా మిత్ర’ల పేరుతో స్థానిక యువకులకు అప్పగించారు. వారిని తరగతికి పిలిపించి మాట్లాడించడం ఏ చిత్రపటం కంటే ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది.

6. కుటుంసర్ గుహ: వెలుగు లేని లోకం

భూగోళ శాస్త్రవేత్త శంకర్ తివారీ 1950వ దశకంలో పరిశీలించి వెలుగులోకి తెచ్చిన కుటుంసర్ గుహ కాంగేర్ లోయలోని అత్యంత ప్రసిద్ధ స్థలం. లోపల సూర్యకాంతి ఏమాత్రం ఉండదు. బయట శీతాకాలపు చలి, వేసవి ఎండ ఎంత మారినా గుహలోని గాలి సుమారు 28 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలకడగా ఉంటుంది.

ఇక్కడి నీటి మడుగుల్లో నివసించే చిన్న చేప శాస్త్రీయ నామం ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డీ. ఇదే జాతి చేపలు బయటి వాగుల్లో కళ్లతో, రంగు మచ్చలతో మామూలుగానే బతుకుతాయి. గుహలోని వాటి కళ్లు బాగా చిన్నవై చర్మం కిందకు చేరాయి, ఒంటి రంగు వెలిసిపోయింది. ఈ మార్పు అన్ని చేపల్లోనూ ఒకే స్థాయిలో లేకపోవడం శాస్త్రవేత్తలను ఆకర్షించిన అంశం. ఒకే జాతిలో మార్పు ఇంకా కొనసాగుతున్న దశను చూడగలిగే అవకాశం అరుదు. శంకర్ తివారీ పేరు మీదుగా కెంపియోలా శంకరి అని పేరుపొందిన గుహ కీచురాయి మరో ఉదాహరణ. దాని దేహం కంటే ఎంతో పొడవైన మీసాలు చీకటిలో దారి వెతికే సాధనాలు.

‘కళ్లు వాడకపోవడం వల్ల పోయాయి’ అన్న వివరణ పిల్లలు సాధారణంగా ఇచ్చేదే. మొదట చెప్పుకున్న అపోహను సరిదిద్దడానికి ఇదే సరైన చోటు. చీకటిలో కన్ను ప్రయోజనం లేనిది, పైగా శక్తిని ఖర్చుచేసే అవయవం. బయట చిన్న కళ్లతో పుట్టిన చేప వేటకు గురవుతుంది లేదా ఆకలితో చస్తుంది. గుహలో దానికి ఆ నష్టం లేదు. తరాలు గడిచే కొద్దీ అటువంటి చేపలే ఎక్కువయ్యాయి.

ఆహారం ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండో ప్రశ్న. వెలుగు లేని చోట పచ్చని మొక్క ఉండదు. అయినా చేప, కీచురాయి, గబ్బిలం బతుకుతున్నాయంటే ఆహారం బయటి నుంచి రావాలి. వానాకాలపు వరద తెచ్చే చెత్తాచెదారం, గబ్బిలాల రెట్ట ఆ లోటును తీరుస్తాయి. గుహ ముఖద్వారం వద్ద, లోపల వేర్వేరు చోట్ల ఉష్ణోగ్రత, మొక్కల ఉనికి నమోదు చేసి, నాచు ఏ చోట ఆగిపోయిందో గుర్తిస్తే ఈ తర్కం పూర్తవుతుంది.

గుహ సందర్శనకు అతి తక్కువ మందిని తీసుకువెళ్లడం మంచిది. చేపలపై వెలుగు పడనీయకూడదు, నీటిలో చేతులు పెట్టకూడదు, సున్నపు స్తంభాలను తాకకూడదు. వేల ఏళ్లలో పేరుకున్న స్ఫటికపు పొర వేలి చెమటకే మాసిపోతుంది. వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది గనుక ప్రవేశం మూసివేస్తారు. గుహలోకి వెళ్లే వీలులేని బడులు బయటి వాగులోని చేపలను గమనించి, గుహ చేప చిత్రంతో పోల్చినా పాఠానికి లోటు రాదు.

7. తాడు చదరం

ఖర్చు లేని, ఏ బడిలోనైనా చేయదగిన కార్యక్రమం ఇది. నాలుగు మీటర్ల తాడుతో ఒక మీటరు చదరం కట్టి, చెట్టు నీడలో ఒకటి, ఎండలో ఒకటి, వాగు ఒడ్డున ఒకటి పరచాలి. ప్రతి చదరంలోనూ మొక్కల రకాలు, ఆకుల వెడల్పు, మట్టి తేమ, కనిపించిన పురుగులు రాయాలి. నీడలో పెరిగే మొక్కల ఆకులు వెడల్పుగా, పలుచగా, ఎండలోవి చిన్నవిగా, మందంగా ఉండటాన్ని పిల్లలు తామే కనుగొంటారు. తీరథ్‌గఢ్ జలపాతం వద్ద ఇదే పనిని తుంపర పడే రాతికి, నాలుగు అడుగులు పక్కనున్న పొడిరాతికి మధ్య చేయవచ్చు. నాచు, ఫెర్న్ మొక్కలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడ ఒక ఆవాసపు సరిహద్దు ఉన్నట్లు.

ఒకే చెట్టుకు ఎన్ని పేర్లు?

బస్తర్‌లో గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ భాషలు వినిపిస్తాయి. వీటిలో గోండీ, ధుర్వా, దోర్లీ ద్రావిడ కుటుంబానికి చెందినవి. విత్తనాల వేళ జరిగే ‘బీజ్ పండుమ్’ వంటి ఉత్సవాల పేర్లలోని పండుమ్ అన్న మాట తెలుగువారి పండుగకు దగ్గరి చుట్టం. కొత్త పంటను, కొత్త మామిడిని పండుమ్ జరిగేదాకా ముట్టరాదన్న కట్టుబాటు పక్వం కాని కాయను కోయకుండా ఆపుతుంది.

బడిలో హిందీ, ఇంట్లో గోండీ, సంతలో హల్బీ వినే విద్యార్థికి ఒకే చెట్టు మూడు పేర్లతో పరిచయం. సరయి అన్నా సాల్ అన్నా గుగ్గిలమే. తెందూ మన తునికి, సల్ఫీ మన జీలుగు, సియాడీ మన అడ్డాకు. విద్యార్థి చెట్టును ఎరిగీ పుస్తకంలోని పేరును పోల్చుకోలేకపోతే తెలియనివాడిగా మార్కులు కోల్పోతాడు. ప్రతి కార్యక్రమపు నోటు పుస్తకంలోనూ మొదటి గడిలో ఇంటి పేరు, రెండో గడిలో పుస్తకపు పేరు రాయించడం ఈ అన్యాయాన్ని సరిచేస్తుంది. స్థానిక భాషల్లో ప్రాథమిక విద్యకు పాఠ్యసామగ్రిని తయారుచేసే పనిని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో చేపట్టింది.

విధానం ఏమంటోంది?

ఆరుబయటి బోధన భారతదేశానికి కొత్త కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద పాఠాలు ప్రారంభించారు. గాంధీజీ 1937లో ప్రతిపాదించిన నయీ తాలీమ్ చేతిపనిని, పరిసరాలను చదువుకు మూలంగా భావించింది. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు విద్యార్థులకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలని జాతీయ విద్యా విధానం-2020 సూచించింది. దాని అమలుకు మార్గదర్శకాలు 2024లో వెలువడ్డాయి. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి కొత్త సామాన్యశాస్త్ర పుస్తకంలో జీవ వైవిధ్యంపై అధ్యాయం ప్రకృతి నడకతోనే మొదలవుతుంది. ఆ నడకకు, సంచి లేని రోజులకు బస్తర్ అడవి సహజంగానే అమరుతుంది.

పాటించవలసిన నియమాలు

జాతీయ ఉద్యానంలో ప్రవేశానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 కింద అనుమతి అవసరం. కాంగేర్ లోయ ఉద్యాన కార్యాలయం జగదల్‌పుర్‌లో ఉంది. ఉద్యానం లోపల ఆకు, గింజ, రాయి, ఈక ఏదీ తీసుకురాకూడదు. సేకరణతో కూడిన పనులన్నీ బడి ఆవరణలోనో, ఊరి పరిసరాల్లోనో చేయాలి.

ప్రతి పది మంది పిల్లలకు ఒక పెద్దవారు, ఆ దారి ఎరిగిన స్థానికుడు ఒకరు తప్పక ఉండాలి. కాలిని పూర్తిగా కప్పే బూట్లు, నిండు చేతుల దుస్తులు, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె వెంట ఉంచుకోవాలి. మలేరియా వ్యాపించే ప్రాంతం గనుక సాయంత్రపు కార్యక్రమాలు తగ్గించి, దోమల మందు వాడాలి. పుట్టల్లో చేతులు పెట్టనీయరాదు. మొసళ్లుండే మడుగుల ఒడ్డుకు తీసుకువెళ్లకూడదు. దశాబ్దాలపాటు సాయుధ సంఘర్షణ చూసిన ప్రాంతాల్లో నేలలో పాతిన మందుపాతరల ప్రమాదం పూర్తిగా తొలగిందని అధికారులు ధ్రువీకరించిన దారుల్లోనే నడవాలి.

ఉద్యానం అంచున ధుర్వా తెగవారు నివసించే ధూడ్‌మారాస్ గ్రామం 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ చేపట్టిన ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎంపికైంది. అక్కడి యువకులు కాంగేర్ నదిపై వెదురు తెప్పల విహారం నడుపుతున్నారు. ఇటువంటి ఊళ్లవారిని బడి నడకలకు మార్గదర్శకులుగా తీసుకుంటే భద్రతతో పాటు వారికి ఆదాయం కూడా సమకూరుతుంది.

అడవి బిడ్డకు అడవి దూరం

బస్తర్‌లో ఆరుబయటి చదువుకు అడవి కొరత లేదు. అసలు అడ్డంకి మరొకటి. 2005 తర్వాత హింస తీవ్రమైన సంవత్సరాల్లో లోపలి గ్రామాల్లోని అనేక బడులు కూలిపోయాయి లేదా మూతపడ్డాయి. దంతెవాడ, బీజాపుర్, సుక్మా ప్రాంతాల్లో వెదురుతో కట్టిన పోర్టా క్యాబిన్ ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలను ఉంచి చదివించారు. దానివల్ల వేలాది మంది చదువు ఆగిపోకుండా నిలిచింది. అదే సమయంలో ఆరేళ్ల వయసులో ఊరు విడిచిన పిల్లవాడు ఇప్ప పూల కాలాన్ని, బోడా వెతికే నేర్పును, పక్షి కూతలను తల్లిదండ్రుల వెంట నడిచి నేర్చుకునే అవకాశం కోల్పోయాడు. హాస్టల్ ప్రహరీ లోపల అనుకూలనాలను బట్టీపట్టే ఆ విద్యార్థికి బడి ఏర్పాటు చేసే అడవి నడకే తన ఊరి విద్యతో మిగిలిన ఏకైక బంధం కావచ్చు.

సరిహద్దు దాటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లోను, ఆంధ్రప్రదేశ్ మన్యంలోను స్థిరపడిన బస్తర్ కుటుంబాల పిల్లలు తెలుగు మాధ్యమంలో చదువుతున్నారు. చెట్టును ఎరిగి, దాని తెలుగు పేరు ఎరుగని వీరికి ఈ కార్యక్రమాలు భాషను నేర్పే సాధనాలు కూడా కాగలవు.

తెలుగు రాష్ట్రాల బడులకు

పైన చెప్పిన పద్ధతులన్నీ బస్తర్‌కే పరిమితం కాదు. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవుల్లో బురద నుంచి నిటారుగా పైకి వచ్చిన శ్వాసవేళ్లు, పులికాట్ సరస్సులో తలకిందుల ముక్కుతో నీటిని వడగట్టే రాజహంసలు, నల్లమలలో ఆకు రాల్చే చెట్లు, బొర్రా గుహల చీకటి ఇదే పాఠానికి ఉదాహరణలు. పట్టణపు బడిలో ఒక వేపచెట్టు, గోడమీది బల్లి, మురుగుకాలువ పక్కని గడ్డి, తాడు చదరం చాలు.

విద్యార్థి పాఠాన్ని గ్రహించాడో లేదో తెలుసుకోవడానికి ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఈ జీవికి ఈ లక్షణం ఎక్కడ, ఎప్పుడు ఉపయోగపడుతుంది? ఆ లక్షణం లేనిది పక్కనే ఉంటే దానికి ఏమవుతుంది? ఈ చోటు మారిపోతే ఈ జీవి ఏమవుతుంది? మొదటి రెండింటికి జవాబులు పరిశీలనలో దొరుకుతాయి. మూడోదానికి జవాబు చెప్పడానికి సాల్ గింజల పట్టికను, తొర్ర ఉన్న ఎండుచెట్టును, గుహలో చేప మీద పడిన దీపపు వెలుగును విద్యార్థి గుర్తుకు తెచ్చుకోవలసి ఉంటుంది.